గాజు పెట్టెలోని రాజ్యాంగంలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.. మరి అసలు రాజ్యాంగం ఏది?

ఢిల్లీలోని పార్లమెంట్ లైబ్రరీ భవనంలో ఓ గాజు పెట్టె ఉంది. అందులో చేత్తో రాసిన పెద్ద పుస్తకం ఉంది. అదే భారత రాజ్యాంగం మూల ప్రతి. అందమైన అక్షరాలు, పేజీ చుట్టూ అలంకారాలు, చివర్లో రాజ్యాంగ సభ సభ్యుల సంతకాలు.. చూస్తే కళ్లు తిప్పుకోలేం.

కానీ ఓ సంగతి చాలామందికి తెలియదు. ఆ పుస్తకంలో రాష్ట్రాల జాబితా చూస్తే ఆంధ్రప్రదేశ్ కనిపించదు. తెలంగాణ కూడా కనిపించదు. మద్రాస్ ఉంటుంది, హైదరాబాద్ ఉంటుంది. ఓటు హక్కు 18 ఏళ్లకు అని ఉండదు, 21 అని ఉంటుంది. గ్రామ పంచాయతీ ఎన్నికల గురించి ప్రత్యేక భాగం ఉండదు. తెలుగు రాష్ట్రాల ఉద్యోగార్థులు నిత్యం మాట్లాడుకునే 371-డి అసలే ఉండదు.

అలాగని ఆ పుస్తకం తప్పు కాదు. అది 1950 నాటి రాజ్యాంగం. ఇవాళ కోర్టుల్లో, ఆఫీసుల్లో అమల్లో ఉన్నది సవరణలతో కలిపి చదవాల్సిన రాజ్యాంగం. ఈ రెండింటి తేడా తెలియకే వాట్సాప్‌లో 'ఇదీ అసలు రాజ్యాంగం' అంటూ పాత పేజీల ఫొటోలు తిరుగుతుంటాయి. పార్లమెంట్‌లోనూ దీనిపై రచ్చ జరిగింది. అసలు ఆ పుస్తకం కథేంటి, దాన్ని ఎలా చదవాలి, దాని వెనకున్న 12 సంపుటాల్లో ఏముంది.. ఒక్కొక్కటిగా చూద్దాం.

చేత్తో ఎవరు రాశారు?

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న తొలిసారి సమావేశమైంది. ఇప్పుడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న పాత పార్లమెంట్ భవనంలోని సెంట్రల్ హాల్ అందుకు వేదిక. 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించారు. ఇందుకు పట్టిన కాలం 2 ఏళ్ల 11 నెలల 17 రోజులు. 1950 జనవరి 24న 284 మంది సభ్యులు సంతకాలు చేశారు. రెండు రోజుల తర్వాత, జనవరి 26న పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఇంగ్లిష్ ప్రతిని చేత్తో రాసింది ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. ఢిల్లీకి చెందిన ఈయన కుటుంబానికి అందమైన చేతిరాత తరతరాల విద్య. ఈ పనికి ఆయన డబ్బు అడగలేదు. అడిగింది ఒక్కటే.. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తన పేరుతో పాటు చేతిరాత నేర్పిన తాతయ్య పేరు ఉండాలని. హిందీ ప్రతిని వసంత్ కృష్ణ వైద్య రాశారు.

బొమ్మల బాధ్యత శాంతినికేతన్‌కు చెందిన నందలాల్ బోస్‌ది. ఆయన, ఆయన శిష్యులు కలిసి పుస్తకాన్ని తీర్చిదిద్దారు. పీఠిక పేజీ అలంకారం జబల్‌పూర్‌కు చెందిన బ్యోహర్ రామ్‌మనోహర్ సిన్హా చేతి పని. ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ప్రెస్‌లో ఈ ప్రతిని వెయ్యి కాపీలు అచ్చు వేశారు.

గాజు పెట్టె ఎందుకు?

కాగితానికి, సిరాకు గాలే శత్రువు. గాలిలోని ఆక్సిజన్ వల్ల పేజీలు పెళుసుబారతాయి, రంగులు వెలిసిపోతాయి. తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే పగుళ్లు. పైగా పురుగుల బెడద. మూల ప్రతులను తొలినాళ్లలో బట్టలో చుట్టి, నాఫ్తలీన్ గోలీలు వేసి దాచేవారు. ఇళ్లల్లో పట్టు చీరలు దాచినట్టే!

ఆ పద్ధతి ఎన్నాళ్లో పనికి రాదని గుర్తించి శాస్త్రీయంగా ఆలోచించారు. అమెరికాలోని గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కలిసి పనిచేశాయి. 1994లో ప్రత్యేక గాజు పెట్టెలు వచ్చాయి. గాలి చొరబడకుండా బిగించి, లోపల నైట్రోజన్ వాయువు నింపారు. తేమ కూడా అదుపులో ఉంటుంది. అంటే ఆ పుస్తకాన్ని చూడొచ్చు తప్ప పేజీ తిప్పలేం.

పార్లమెంట్ లైబ్రరీ భవనాన్ని 2002 మే 7న అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ దీన్ని డిజైన్ చేశారు. ఇదే భవనంలో పార్లమెంట్ మ్యూజియం కూడా ఏర్పాటైంది. 2006 ఆగస్టులో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. ప్రజాస్వామ్యం మన దగ్గర ఎలా ఎదిగిందో బొమ్మలు, శబ్దాలు, కదిలే విగ్రహాలతో సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడమే ఆ ప్రదర్శన ఉద్దేశం.

ఆ పుస్తకంలో లేనివి ఏంటి?

గాజు పెట్టెలోని ప్రతిలో 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తూ 2023లో చేసినది 106వ సవరణ. తెలుగువారి జీవితానికి నేరుగా తగిలే మార్పులు కొన్ని చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

రాష్ట్రాలు: 1950లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాస్ రాష్ట్రంలో ఉండేవి. తెలంగాణ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ వచ్చాయి. ప్రతిసారీ మొదటి షెడ్యూల్ మారింది. ఇక్కడో ఆసక్తికర విషయం ఉంది. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు పార్లమెంట్ మామూలు చట్టం చేస్తే చాలు. దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించరాదని 4వ అధికరణే చెబుతోంది.

371-డి: స్థానికులకు ఉద్యోగాలు, చదువుల్లో అవకాశాల కోసం తెచ్చిన అధికరణ ఇది. 1973 నాటి 32వ సవరణతో వచ్చింది. జోన్లు, స్థానికత, రాష్ట్రపతి ఉత్తర్వులు.. అన్నిటికీ ఆధారం ఇదే. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వర్తిస్తోంది.

పంచాయతీలు: 1950 పుస్తకంలో 9వ భాగం అండమాన్ నికోబార్ లాంటి ప్రాంతాల గురించి ఉండేది. 1956లో దాన్ని తీసేశారు. ఆ ఖాళీ స్థానంలోకి 73వ సవరణతో పంచాయతీలు వచ్చాయి. 1993 ఏప్రిల్ 24 నుంచి ఇది అమల్లో ఉంది. సర్పంచ్ ఎన్నిక, ఐదేళ్ల పదవీకాలం, మహిళల రిజర్వేషన్.. ఇవన్నీ అందులోవే.

ఓటు: 21 ఏళ్లు 18 అయింది 61వ సవరణతో. 1989 నుంచి అమల్లోకి వచ్చింది.

చదువు: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు కావడానికి 2002లో చేసిన 86వ సవరణ కారణం. 21-ఏ అధికరణ పాత పుస్తకంలో వెతికినా దొరకదు.

దీనికి రివర్స్ కూడా ఉంది. పాత పుస్తకంలో ఉండి, ఇప్పుడు లేనివి. ఆస్తి హక్కు అప్పట్లో ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణతో దాన్ని ఆ జాబితా నుంచి తొలగించారు. ఇప్పుడది 300-ఏ అధికరణ కింద రాజ్యాంగ హక్కు మాత్రమే. భూమి కేసులో పాత పేజీ ఫొటో చూపించి 'ఇది నా ప్రాథమిక హక్కు' అంటే కోర్టులో నిలబడదు.

పీఠికపై గొడవ ఎందుకొచ్చింది?

2023 సెప్టెంబర్‌లో కొత్త పార్లమెంట్ భవనంలో సమావేశాలు మొదలైనప్పుడు ఎంపీలకు రాజ్యాంగ ప్రతులు ఇచ్చారు. పీఠికలో 'సామ్యవాద', 'లౌకిక' అన్న పదాలు లేవంటూ కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధురి అభ్యంతరం చెప్పారు. అది మొదట ఆమోదించిన మూల ప్రతి అని, ఆ పదాలు తర్వాత సవరణతో చేరాయని ప్రభుత్వం వివరణ ఇచ్చింది.

వాస్తవం ఏంటంటే.. 1950 పీఠికలో ఆ రెండు పదాలూ లేవు. 1976లో 42వ సవరణతో చేర్చారు. 'సమగ్రత' అన్న మాట కూడా అప్పుడే చేరింది. కాబట్టి మూల ప్రతిలో అవి లేకపోవడం నిజం. ఇవాళ్టి రాజ్యాంగంలో అవి ఉండటమూ అంతే నిజం. ఆ పదాలను తొలగించాలంటూ వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది.

బొమ్మలపైనా చర్చ జరిగింది. బజార్లో దొరికే రాజ్యాంగం పుస్తకాల్లో 22 చిత్రాలు ఉండటం లేదని 2025 ఫిబ్రవరిలో రాజ్యసభలో బీజేపీ సభ్యుడు ప్రస్తావించారు. సోషల్ మీడియాలో ఇది ఇంకో రూపం తీసుకుంది. ఒకరు ప్రాథమిక హక్కుల భాగం మొదట్లో ఉన్న సీతారామలక్ష్మణుల చిత్రం పెడతారు. ఇంకొకరు అక్బర్ చిత్రమో, టిప్పు సుల్తాన్ చిత్రమో పెడతారు. ఎవరికి నచ్చింది వాళ్లు షేర్ చేస్తారు.

పుస్తకంలో మాత్రం ఇవన్నీ ఉన్నాయి. మొహంజొదారో ఎద్దు ముద్ర నుంచి మొదలై బుద్ధుడు, మహావీరుడు, అశోకుడు, శివాజీ, గురు గోవింద్ సింగ్, ఝాన్సీ లక్ష్మీబాయి, దండి యాత్ర చేస్తున్న గాంధీ, నేతాజీ మీదుగా ఎడారి, సముద్రం దాకా సాగుతాయి. దేశ చరిత్రను వరసగా చెప్పే ప్రయత్నం అది. అయితే పౌరుడికి ఏ హక్కు ఉందో చెప్పేది బొమ్మ కాదు, దాని కింద ఉన్న అక్షరం.

'ఎందుకు' అని అడిగితే జవాబు ఎక్కడుంది?

రాజ్యాంగం 'ఇది చేయాలి, అది చేయకూడదు' అని చెబుతుంది. ఎందుకలా రాశారో చెప్పదు. ఆ జవాబు రాజ్యాంగ సభ చర్చల్లో ఉంది. 11 విడతల సమావేశాలు, 165 రోజులు.. సభలో ఎవరు ఏం మాట్లాడారో రికార్డు చేసి 12 సంపుటాలుగా తెచ్చారు. లోక్‌సభ సచివాలయం వీటిని మళ్లీ అచ్చు వేయించింది. ఎంపీలు, లాయర్లు, జడ్జీలు, సివిల్స్ అభ్యర్థులు.. ఏదైనా అధికరణపై సందేహం వస్తే వెళ్లేది ఇక్కడికే.

ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదించారని, వాటిలో 2,473 సభలో ప్రవేశపెట్టారని డాక్టర్ అంబేడ్కర్ 1949 నవంబర్ 25న సభకు చెప్పారు. అంటే దాదాపు ప్రతి వాక్యం మీదా వాదన నడిచింది. గాజు పెట్టెలోని పుస్తకం చూస్తే ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. ఆ శుభ్రత వెనక ఎంత కొట్లాట ఉందో ఈ 12 సంపుటాలు చెబుతాయి.

తెలుగువాళ్లు ఏం మాట్లాడారు?

రాజ్యసభకు పోటీ చేయాలంటే కనీస వయసు ఎంత? 30 ఏళ్లు. ముసాయిదాలో మొదట 35 అని ఉంది. దాన్ని 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. తెలివి వయసును బట్టి రాదన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. ఇవాళ 84వ అధికరణలో ఉన్న ఆ అంకె వెనక ఓ తెలుగు మహిళ మాట ఉంది. చర్చల్లో వెతికేవాళ్లకు ఓ చిన్న సూచన.. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని వెతికితే దొరక్కపోవచ్చు. సి.డి. దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్లి 1953లో జరిగింది. సభ రికార్డుల్లో ఆమె పేరు 'శ్రీమతి జి. దుర్గాబాయి'.

ఇక గ్రామ పంచాయతీల ముచ్చట. ముసాయిదాలో వాటి ఊసే లేదు. పల్లెలను పాలనకు పునాదిగా చేయడాన్ని అంబేడ్కర్ ఇష్టపడలేదు. కుల వివక్షకు, సంకుచితత్వానికి ఊళ్లే నిలయాలన్నది ఆయన అభిప్రాయం. చాలామంది సభ్యులు దీన్ని తప్పుబట్టారు. 1948 నవంబర్ 22న కె. సంతానం పంచాయతీలపై సవరణ తెచ్చారు. టంగుటూరి ప్రకాశం పంతులు దానికి గట్టిగా మద్దతు పలికారు. అంబేడ్కర్ సవరణను అంగీకరించారు. అదే ఇప్పటి 40వ అధికరణ. 45 ఏళ్ల తర్వాత అమల్లోకి వచ్చిన 73వ సవరణకు విత్తనం అక్కడ పడింది. ఊళ్లో దళితులకు న్యాయం జరుగుతుందా అన్న అంబేడ్కర్ అనుమానం కూడా ఊరికే పోలేదు. పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు అదే సవరణలో భాగమయ్యాయి.

ముసాయిదా కమిటీలోనూ తెలుగు నేల వాళ్లు ఉన్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మొదటి నుంచీ సభ్యుడు. మచిలీపట్నంలో పుట్టిన ఎన్. మాధవరావు, బి.ఎల్. మిట్టర్ స్థానంలో వచ్చారు.

మరో నిజం కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ సంస్థానం నుంచి రాజ్యాంగ సభలో ఒక్క ప్రతినిధి కూడా కూర్చోలేదు. 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానా ద్వారా ఈ రాజ్యాంగాన్ని అంగీకరించారు. అంటే తెలంగాణ ప్రజల తరఫున ఆ 12 సంపుటాల్లో నేరుగా మాట్లాడినవాళ్లు లేరు. మూల ప్రతి సంతకాల్లోనూ హైదరాబాద్ సంస్థానం తరఫు సంతకం లేదు.

కోర్టులు వీటిని పట్టించుకుంటాయా?

మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. 1950 నాటి ఏ.కె. గోపాలన్ కేసులో, సభ్యుల ప్రసంగాలు అధికరణ అర్థాన్ని శాసించలేవన్నట్టుగా సుప్రీంకోర్టు మాట్లాడింది. క్రమంగా ధోరణి మారింది.

రిజర్వేషన్లపై 1992 నాటి ఇందిరా సాహ్నీ కేసు చూడండి. అవకాశాల సమానత్వం దెబ్బతినకుండా రిజర్వేషన్లు తక్కువ సంఖ్యకే పరిమితం కావాలని 1948 నవంబర్ 30న అంబేడ్కర్ సభలో చెప్పిన మాటలను ఆ తీర్పు ప్రస్తావించింది. 50 శాతం పరిమితిపై ఇప్పటికీ నడుస్తున్న చర్చ అంతా ఆ తీర్పు చుట్టూనే. మెజారిటీ జడ్జీల తరఫున ప్రధాన తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

రాష్ట్రపతి పాలనపై 1994లో వచ్చిన ఎస్.ఆర్. బొమ్మై తీర్పులోనూ అంతే. ఈ అధికారాన్ని వాడే అవసరమే రాకూడదని తాను ఆశిస్తున్నట్టు అంబేడ్కర్ 1949 ఆగస్టు 4న చెప్పారు. ఆ మాటలు తీర్పులోకి వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టం వచ్చినట్టు రద్దు చేయకుండా ఆ తీర్పు అడ్డుకట్ట వేసింది.

అలాగని చర్చల్లో ఉన్నదే వేదం కాదు. 21వ అధికరణలో పౌరుడికి ఎక్కువ రక్షణ ఇచ్చే పదబంధాన్ని సభ కావాలనే పక్కన పెట్టింది. 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాటనే ఉంచింది. అల్లాడి దాన్ని సమర్థించారు. కానీ 1978లో మేనకా గాంధీ కేసులో, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. సభలో ఏం అనుకున్నారన్నది దారి చూపే దీపం లాంటిది. ఏ దారిన వెళ్లాలో నిర్ణయించేది మాత్రం ఇవాళ్టి కోర్టే, ఇవాళ్టి పార్లమెంటే.

మొబైల్‌లో చూడాలంటే?

ఢిల్లీ వెళ్లకపోయినా ఫర్వాలేదు. రాజ్యాంగ సభ చర్చలు లోక్‌సభ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. సవరణలన్నీ కలిపిన తాజా రాజ్యాంగాన్ని కేంద్ర న్యాయశాఖ తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. 2025 నవంబర్ 26న తెలుగు సహా 9 భాషల్లో రాజ్యాంగాన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు.

ఫోన్‌కు రాజ్యాంగం పేజీ ఫొటో ఏదైనా వస్తే, ఫార్వర్డ్ కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

1. చేతిరాతలో ఉందా? అయితే అది 1950 పాఠం. అందులోని అధికరణ ఆ తర్వాత మారిందేమో తాజా ప్రతిలో చూడాలి.

2. 'అంబేడ్కర్ ఇలా అన్నారు' అని ఉందా? తేదీ ఉందో లేదో చూడాలి. రాజ్యాంగ సభలో అన్నదైతే తేదీతో సహా సంపుటంలో దొరుకుతుంది. తేదీ లేని మాటను నమ్మే ముందు ఆగాలి.

3. సభలో ఎవరో అన్న మాటా, లేక సభ ఆమోదించిన మాటా? వేల సవరణలు వచ్చాయి, ఎన్నో వీగిపోయాయి. వీగిపోయిన వాదనను రాజ్యాంగం మాటగా చూపించే పోస్టులు కూడా తిరుగుతుంటాయి.

గాజు పెట్టెలోని పుస్తకాన్ని గౌరవంగా చూడాలి. అది దేశం తొలిసారి తనకు తాను రాసుకున్న మాట. కానీ ఉద్యోగానికి దరఖాస్తు చేసినా, పంచాయతీలో పోటీ చేసినా, భూమి కోసం కోర్టుకెళ్లినా పనికొచ్చేది తాజా సవరణల దాకా చేర్చిన ప్రతి. హక్కు గురించి వాదించే ముందు చేతిలో ఉన్నది ఏ ఏటి రాజ్యాంగమో చూసుకోవడం మంచిది.